పుస్తకముల అంగడి – చదువరుల అభిమానము



మనుష్యునకు అంగళ్లతో నిత్యము పనియున్నది. ఉప్పు కొనుటకు ఒక అంగడికి, బట్ట కొనుటకు ఒక అంగడికి పోవుచుందుము. సరకు మంచిదైనచో మరల పోవుదుము, కానిచో మానుకొందుము. అంతటితో సరి. పుస్తకముల అంగడి విషయమున మాత్రము లోకమున వేఱొక విశేషము కనబడుచున్నది. అది మూతపడినప్పుడు చదువరి తన బంధువు పోయినట్లు బాధపడును. నలువది యేండ్ల క్రిందట ఏ బీరువా చెంత నిలువబడి ఏ పుస్తకమును తీసి చూచెనో నేటికిని చెప్పగలడు. ఇచ్చిన వెల మఱచిపోవును గాని, ఆ దుకాణదారుని ముఖము మఱువడు. క్రయవిక్రయములు జరుగు స్థలముపై ఇంత అభిమానము ఏల కలుగవలయును? ఇదియే నేటి ప్రసంగమునకు విషయము. ఈ ప్రశ్నకు ఉత్తరము మన తెలుగు పుస్తకముల చరిత్రలోనే యున్నది గావున దానిని మొదటినుండి చెప్పెదను.

మన పూర్వులకు పుస్తకము కలదు. పుస్తకముల అంగడి లేదు. తాటాకును పదునుచేసి, గంటముతో వ్రాసి, వ్రాత కనబడుటకై పసరో మసియో పూసి, రెండు చెక్కల నడుమ త్రాటితో బిగించి భద్రపఱచెడివారు. గ్రంథము కావలసినవాడు అది యున్న యింటికి పోవలయును. యజమానుని మెప్పింపవలయును. అక్కడనే కూర్చుండి ప్రతి వ్రాసికొనవలయును, లేదా వ్రాయసకానికి కూలి యిచ్చి వ్రాయించుకొనవలయును. భారతము వంటి పెద్ద గ్రంథమునకు ప్రతి యెత్తుట నెలల తరబడి పని. వ్రాయువాని కన్ను తప్పినచోట పాఠము తప్పును. ఆ తప్పు తరువాతి ప్రతికి దిగును. ఇట్లు ఒక్కొక్క యింట ఒక్కొక్క పాఠము నిలిచెను. చేయి దాటిన పుస్తకము తిరిగి రాదను భయముచేత ఎరువిచ్చుటకును పెద్దలు జంకెడివారు.

ఆ కాలమున గ్రంథమును ఎవరికి చూపవలయును, ఎవరికి చూపరాదు అనునది యజమానుని యిష్టము. కులము చూచెడివారు, ఆడుదియా మగవాడా యని చూచెడివారు, శిష్యుడా పరాయివాడా యని చూచెడివారు. నేను ఆ సంప్రదాయముననే చదివినవాడను. దానియందు నాకు గౌరవము కలదు. అయినను ఈ దోషమును దాచుట న్యాయము కాదు. విద్య గూటిలో నుండెను, గూటికి తలుపుండెను, తాళముచెవి యొకరి మొలలో నుండెను.

చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర (1798–1884) చేసిన మహోపకారము ఇక్కడనే యున్నది. ఆయన కడపలో పండితులకు జీతములిచ్చి, ఊరూర వ్రాతప్రతులు తెప్పించి, పాఠములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. అయితే అది యొక అధికారి తన ధనముతో, తన పూనికతో జరిపిన పని. సామాన్యుడైన చదువరి నాలుగు కాసులు మొలలో పెట్టుకొని పోయి తనకు నచ్చిన గ్రంథమును తెచ్చుకొనగలిగిన కాలము ఇంకను రాలేదు.

తెలుగక్షరము మొదట అచ్చుపడినది మన దేశమున గాదు. జర్మనీలోని హాలే పట్టణమున బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవబోధకుడు 1746–47 ప్రాంతమున మతగ్రంథములను తెలుగులో అచ్చొత్తించెను. మన దేశమున 1835లో మెట్కాఫు దొర ముద్రణపై నున్న నిర్బంధములను తొలగించిన పిమ్మట దేశీయులకు ముద్రణాలయములు స్వేచ్ఛగా నడుపుకొను వీలు కలిగెను. అటుపిమ్మట చెన్నపురిలో తెలుగు ముద్రాక్షరశాలలు బయలుదేరినవి. వానిలో 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు స్థాపించినది చిరకాలము వర్ధిల్లినది. ఆయన తరువాత కుమారులు వేంకటేశ్వరశాస్త్రులుగారు (1884–1956) దానిని ఆంధ్రదేశమంతటను ఇంటింట తెలిసిన సంస్థగా చేసిరి.

వావిళ్లవారి ప్రతి యనిన పండితులకు ఏల అంత నమ్మకము? ఆ కాలమున రెండు విధములైన అచ్చుపుస్తకములు దొరకెడివి. ఒకటి గుజిలీ ప్రతి. పలుచని కాగితము, అరిగిపోయిన అక్షరములు, తప్పుల తడక. వెల మాత్రము చౌక. సంతలలోను, తిరునాళ్లలోను గోనెపట్టాపై పఱచి అమ్మెడివారు. వానిని నిందింపను. పల్లెలలో ఎందఱో అక్షరాస్యులు రామాయణమును, భాగవతకథలను మొదట చదివినది ఆ ప్రతులలోనే. రెండవది పండితులు పరిష్కరించిన ప్రతి. తాళపత్రములతో సరిచూచి, పీఠిక వ్రాసి, కఠినపదములకు అర్థములు చేర్చి, చిత్తుప్రతులు మరల మరల దిద్ది అచ్చొత్తినది. వావిళ్లవారిది ఈ రెండవ మార్గము. పూర్వము గురువునొద్ద పొందిన పాఠశుద్ధిని ఇప్పుడు అంగడి పూచీ పడినది. అభిమానమునకు మొదటి బీజము ఇచ్చట పడినది. చదువరి ఆ పేరు చూచి పుస్తకము విప్పకయే నమ్మెను.

ఇక చెన్నపురిలో అచ్చయిన పుస్తకము మన చింతలపూడికి ఎట్లు చేరెను? తమ్మిలేరు మన మెట్టభూములను దాటి ఏలూరి మీదుగా కొల్లేటిలో గలియును. నీరు పల్లమునకు పోవును. పుస్తకము పల్లమునుండి మెరకకు ఎక్కవలసి వచ్చినది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసిన తరువాత, గోదావరిని కృష్ణను కలుపు ఏలూరు కాలువపై పడవలు నడిచినవి. దక్షిణమున కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువ చెన్నపురివఱకు నీటిదారి కల్పించినవి. 1900లో రాజమహేంద్రవరమున గోదావరిపై రైలువంతెన తెఱవబడుటతో ఏలూరు అటు కలకత్తాకు, ఇటు చెన్నపురికి నిడుపైన ఇనుపదారిపై ఒక మజిలీ అయినది. ఏలూరులోనే మంజువాణీ ముద్రాక్షరశాల వంటివి పుట్టినవి. తరువాత వెంకట్రామా అండ్ కో వారు పాఠ్యపుస్తకములకు పేరువడసిరి. శ్రోతలలో పెద్దలైన వారికి చిన్ననాటి వాచకము అట్టపై ఆ పేరు చదివిన జ్ఞాపకముండవచ్చును.

మన మెట్టకు ఆనాడు కాలువయు లేదు, రైలును లేదు. ఉన్నది ఎడ్లబండి, తపాలా జవాను. వి.పి. పద్ధతి మన దేశమున 1877లో ఏర్పడినది. దాని మర్మము చిన్నది, ఫలము గొప్పది. పుస్తకము వెనుక అట్టలోపల అంగడివారి పట్టిక అచ్చయి యుండును. చదువరి దానిని చూచి ఒక కార్డు వ్రాయును. అంగడివాడు కట్ట కట్టి తపాలాకు వేయును. కట్ట యూరికి వచ్చిన పిమ్మట రొక్క మిచ్చి విడిపించుకొనవలయును. ఆ రొక్కమును తపాలావారే అంగడికి చేర్తురు. కొనువాడు అమ్మువానిని చూడలేదు. అమ్మువాడు కొనువానిని చూడలేదు. నడుమ నమ్మకమే సాక్షి. రొక్కము లేక కట్ట తిరిగిపోయినచో ఖర్చు అంగడివానిది. అట్లయినను వారు పంపుట మానలేదు. పల్లెలలోని కరణములు, పంతుళ్లు, రైతులు ఈ విధముగా గ్రంథములు కూర్చుకొనిరి. పట్టిక చదువుటయే వారికొక వినోదము. కొనలేని పుస్తకముల పేర్లను సహితము కంఠస్థము చేసినవారు ఉండెడివారు.

1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు మొదలగువారు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. తరువాత అది చెన్నపురికి మాఱినది. పురాణ కావ్యములే గాక చరిత్రము, శాస్త్రములు, మహాపురుషుల జీవితములు తెలుగున చదువవలయునని వారి సంకల్పము. మన ప్రాంతమున రేలంగివారైన చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో ఆ మండలి పక్షముననే వెలువడినది. తెలుగువాడు తన చరిత్రమును తన భాషలో చదువుకొనుటకు ఇట్టి సంస్థలు కారణములైనవి.

ఇంతవఱకు చెప్పినది నమ్మకము, సౌకర్యము. ఇక ధైర్యమును గుఱించి చెప్పవలయును. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున ముద్దుపళని యను విదుషి రాధికాసాంత్వనము రచించెను. అప్పటికి అచ్చులో నున్న ప్రతి సరిగా లేదని బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, సరిచూచి, పరిష్కరింపగా 1910లో వావిళ్లవారు ప్రచురించిరి. గ్రంథము అశ్లీలమని కొందఱు పెద్దలు ఆక్షేపించిరి. 1911లో ప్రభుత్వమువారు ప్రతులను పట్టుకొనిరి; తరువాత నిషేధించిరి. పండితులు విన్నపములు పంపుకొనిరి, ఫలింపలేదు. ముప్పదియైదేండ్లు గడచెను. 1947లో నిషేధము తొలగెను. 1952లో వావిళ్లవారు ఆ గ్రంథమునే మరల అచ్చొత్తిరి.

ఆ కావ్యము మంచిదా కాదా యని నేను ఇక్కడ తీర్పు చెప్పబోను. శృంగారము హెచ్చనువారు కలరు. కవిత్వము గొప్పదనువారు కలరు. చదివినవాడు గదా తీర్పు చెప్పవలసినది! చదువుటకు పుస్తకమే లేనిచో వాదమునకు తావెక్కడిది? పూర్వము గూటికి తాళము వేసినవాడు గృహయజమానుడు. ఇప్పుడు తాళము వేసినది ప్రభుత్వము. ఆ తాళము తీయుటకై వ్యాపారమున నష్టమునకు ఓర్చి, ఆ పుస్తకమును మఱువక నిలిచినది ఒక అంగడి. ఆ గ్రంథమును వ్రాసినది స్త్రీ, సరిచూచినది స్త్రీ యనియు గమనింపవలయును.

ఇది మన దేశమునకే పరిమితమైన సంగతి కాదు. పారిసు నగరమున సిల్వియా బీచ్ అను అమెరికా దేశపు స్త్రీ 1919లో షేక్స్‌పియర్ అండ్ కంపెనీ యను పుస్తకముల అంగడి పెట్టెను. జేమ్స్ జాయిస్ వ్రాసిన యులిసిస్ నవలను, అమెరికాలో అభియోగమునకు గుఱియైన దానిని, ఆమె 1922లో తన యంగడి పేరననే ప్రచురించెను. పిదప జర్మనులు పారిసును ఆక్రమించిన కాలమున, ఒక సేనాధికారి వచ్చి జాయిసు పుస్తకమును అమ్ముమని యడుగగా ఆమె నిరాకరించెను. అతడు బెదరించి పోయెను. ఆమె ఆ దినముననే పుస్తకములను మేడపైకి చేర్చి 1941లో అంగడి మూసివేసెను. అమ్ముటకు కూర్చున్న మనిషి అమ్మనని చెప్పుట! చదువరుల ప్రేమ ఎట్టివారిపై నిలుచునో దీనివలన తెలియుచున్నది.

అంగడికి జనులు రాలేనిచోట అంగడియే జనులయొద్దకు నడచిన కథలును మనకు కలవు. 1935లో గుంటూరు మండలము పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములు పెట్టి పల్లెలకు త్రిప్పిరి. అది గ్రంథాలయమే గాని అంగడి గాదు, అయినను ఆశయమొక్కటే. 1938లో సికింద్రాబాదున వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్ల ప్రాంతము. నిజాము పాలనలోని తెలంగాణమున ఆయన పుస్తకముల మూట మోసికొని యూరూర తిరిగి అమ్మిరి. మూట దింపినచోటనే అంగడి. తరువాత స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బెజవాడలో విశాలాంధ్రవారి పుస్తకశాల ఏర్పడినది. వారు మోటారుబండిలో పుస్తకములు పేర్చుకొని పట్టణములకు, పల్లెలకు పంపిరి. మాస్కోలో తెలుగున అచ్చయిన పుస్తకములు, గట్టి అట్టలతో చక్కని బొమ్మలతో చౌకగా ఆ బండిలో దొరకెడివి. 1991లో సోవియట్టు రాజ్యము విచ్ఛిన్నమగుటతో ఆ సరఫరా నిలిచిపోయినది. ఆ రాజకీయములతో ఏకీభవింపని వారును ఆ బొమ్మల పుస్తకములను పిల్లలకు కొనియిచ్చిరి.

బెజవాడలో పుస్తకముల అంగళ్లు బారులు తీరిన వీథికి మన యేలూరి పేరే గలదు, ఏలూరు రోడ్డు. విశాలాంధ్ర, నవోదయ మొదలగు పుస్తకశాలలచేత ఆ వీథి పేరు చదువరులకు పరిచితమైనది. నేను భాషాప్రవీణ చదువు కాలమున ఆ పట్టణముననే ఒక సందులోని చిన్న దుకాణమునకు పోవుచుంటిని. ఒకనాడు సవ్యాఖ్యానమైన ఒక పాత ప్రబంధప్రతి కనబడినది. నా వద్దనున్న రూకలన్నియు లెక్కించి బల్లపై పెట్టితిని. దుకాణదారుడు పుస్తకమును చేతికి తీసికొని, పుటలు త్రిప్పి, రూకలను నా వైపునకు నెట్టి యిట్లనెను: “అబ్బాయీ, ఇందులో ఒక ఫారం తప్పిపోయింది. పదహారు పేజీలు లేవు. పరీక్షకు చదివేవాడివి, ఇది నీకు పనికిరాదు. మంచి ప్రతి వస్తే దాచిపెడతాను, మళ్లీ రా.”

మూడు నెలలకు మరల పోయితిని. ఆయన బల్లక్రింద కాగితము చుట్టి దాచిన కట్టను తీసి యిచ్చెను. వెల మొదటిదానికంటె ఎక్కువగా నుండెను. నా యొద్ద అంత లేదు. మిగిలినది తరువాత ఇమ్మని పంపివేసెను. నా యూరు పేరు గాని, నేను చదువు కళాశాల పేరు గాని అడుగలేదు. ఆ బాకీ తీర్చుటకు నాకు ఆఱు మాసములు పట్టెను. ఆ పుస్తకముతో నేను పాఠము చెప్పుట నేర్చితిని. ముప్పదియేండ్లు దానితోనే చెప్పితిని. నేడు ఆ దుకాణమున్నచోట సెల్‌ఫోనులు అమ్ముచున్నారు. ఆ త్రోవను పోవునప్పుడు నాకు తెలియకయే అడుగు నెమ్మదించును.

నేను మొదట వేసిన ప్రశ్నకు ఇదియే ఉత్తరము. ఉప్పు అమ్మువాడు ఉప్పుయొక్క గుణమెఱిగిన చాలును. పుస్తకము అమ్మువాడు పుస్తకమును ఎఱుగవలయును, కొనువానిని ఎఱుగవలయును, ఈ పుస్తకము ఈ మనిషికి తగునా యని ఎఱుగవలయును. పూర్వము ఈ పని గురువుది. ఆ గురుత్వములో ఒక పాలు అంగడివానికి సంక్రమించినది. గురువు అధికారి యెవడని విచారించును. అంగడి గుమ్మము అందఱికిని తెఱచియుండును. కులమడుగరు, వెల యడుగుదురు. వెల లేనివానిని నిలువబడి చదువనిత్తురు. ఈ రెండు సుగుణములు ఒకచోట గలసినందుననే ఆ స్థలముపై ప్రేమ పుట్టినది. గుణము లేని అంగడిపై ఆ ప్రేమయును లేదు, ఉండనక్కఱయు లేదు.

నేటి సంగతి విచారింతము. ఇప్పుడు చేతిలోని ఫోనునుండి పుస్తకమునకు కబురు పంపినచో నాలుగైదు దినములలో చింతలపూడికి కట్ట వచ్చును. వెలలో తగ్గింపును దొరకును. దీనిని నిందించుట తగదు. నూఱేండ్లకు పూర్వము వి.పి. చేసిన పని ఇదియే. దూరపు పల్లెలోని చదువరికి ఇది వరము. కాని యొక భేదము కలదు. ఫోనులో దొరకునది మనము అడిగిన పుస్తకము. మనము పేరెఱుగని పుస్తకమును మన చేతిలో పెట్టువాడు, ఇది నీకు వలదని మొగము చూచి చెప్పువాడు అందులో లేడు. చిన్న పట్టణములలో పుస్తకముల అంగళ్లనిన నోటుపుస్తకములు, గైడ్లు, పెన్నులు అమ్ము దుకాణములుగా మాఱుచున్నవి. దుకాణదారుని తప్పు కొంచెము. అడుగువారు లేకుండుట యసలు కారణము. బెజవాడలో 1989నుండి జరుగుచున్న పుస్తకమహోత్సవమునకు వచ్చు జనమును చూచినచో మనవారికి చదువుపై ప్రీతి చావలేదని తోచును. అయితే ఉత్సవము కొన్ని దినములు. అంగడి సంవత్సరమంతయు బ్రతుకవలయును గదా.

పెద్దలైన శ్రోతలకు నేను మూడు మాటలు మనవి చేసికొందును. ఏలూరునకో బెజవాడకో పనిమీద పోవునప్పుడు మనుమనినో మనుమరాలినో వెంట తీసికొనిపోయి, ఒక గంట పుస్తకముల అంగడిలో విడువుడు. ఏది కావలయునో వారినే ఏరుకొననిండు. పెండ్లిండ్లకు, గృహప్రవేశములకు ఇచ్చు కానుకలలో ఒక మంచి తెలుగు పుస్తకమును చేర్పుడు. మూడవది, మన యూరిలో నోటుపుస్తకములు అమ్ము దుకాణదారునితో పదిమంది కలిసి మాటాడుడు. ఒక అరలో పది తెలుగు పుస్తకములు ఉంచుమని, అమ్ముడుపోనిచో మేమే కొందుమని మాట యిండు. ఇది దానము గాదు. అతడు ఉంచినందుకు మనము తీర్చు బాకీ.

మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని పెద్దలు చెప్పుదురు. ఋషిఋణము అధ్యయనముచేత తీఱును. ఆ యధ్యయనమునకు సాధనమును ఎడ్లబండిపైనో, పడవపైనో, నెత్తిన మూటగానో మన యింటి గుమ్మమునకు చేర్చిన వర్తకునకు కూడ ఆ ఋణమున కొంత భాగము చెందును. నా మటుకు నేను ఆఱు మాసములలో తీర్చితి ననుకొన్న బాకీ ఇంకను తీఱలేదని నమ్మెదను.

సెలవు.